పాత రేడియోలు చెప్పే చరిత్ర

హైదరాబాదు పాతబస్తీలో ఛత్తా బజార్ అనగానే చాలమందికి ఉర్దూ ముద్రణాలయాలు, శుభలేఖలు, అందమైన దస్తూరీతో రాసే కాతిబులు గుర్తుకు వస్తారు. ఆ బజారుకే ఇంకొక పేరు కూడ ఉన్నది. వాల్వు రేడియోలను తిరిగి పలికించే పనికి అది ప్రసిద్ధి. అక్కడి మహబూబ్ రేడియో సర్వీసు అనే చిన్న దుకాణాన్ని గురించి పత్రికలు పలుమార్లు రాసినవి. మర్ఫీ, ఫిలిప్స్, జి.ఇ.సి., బుష్, టెలిఫంకెన్, గ్రుండిగ్ వంటి పేర్లు గల పెట్టెలు ఒకదానిమీద ఒకటిగా అటకదాక పేర్చి ఉండే అటువంటి దుకాణంలో ఒక గంట నిలబడితే, భౌతికశాస్త్రపు పాఠ్యపుస్తకంలో పది పుటల విషయం కళ్ళకు కడుతుంది.

మిస్త్రీ మర తిప్పుతాడు. టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. డయలు వెనుక చిన్న దీపం వెలుగుతుంది. పది సెకండ్లు, ఇరవై సెకండ్లు గడుస్తవి. ఆకుపచ్చని ‘కన్ను’ ఒకటి మెల్లగా తెరుచుకుంటుంది. సన్నని గుంయి అనే ధ్వని వస్తుంది. ఆ తరువాత ఎక్కడినుంచో వచ్చినట్లు మనిషి గొంతు వినిపిస్తుంది.

“ఇంత ఆలస్యం ఎందుకు?” అని నేటి విద్యార్థి అడుగుతాడు. ఆ ఆలస్యంలోనే యాభై ఏళ్ళ విజ్ఞానచరిత్ర ఇమిడి ఉన్నది. పాత రేడియో అంటే పాడే యంత్రం మాత్రమే కాదు. చదవనేర్చినవారికి అది ఒక చరిత్ర పత్రం. తాళపత్ర గ్రంథాన్ని కాపాడేవాడు అక్షరం చెడకుండ ధూళి తుడిచినట్లే, రేడియోను బాగుచేసేవాడు కూడ సాక్ష్యం చెడకుండ ధ్వనిని తిరిగి తేవలెను. ఈ రెండు పనులూ ఒక్కసారి చేయడం ఎట్లాగో, ఎందుకో ఈ వ్యాసంలో చూద్దాం.

దీపంలో పుట్టిన కవాటం

రేడియో వాల్వును చూస్తే విద్యుద్దీపానికి చుట్టం అనిపిస్తుంది. నిజంగా చుట్టమే. 1880 దశకపు మొదట్లో ఎడిసన్ తన దీపాలలో గాజు లోపలివైపు నల్లబడడాన్ని పరిశీలిస్తూ, బుడ్డిలో అదనంగా ఒక లోహపు పలకను అమర్చినాడు. వేడెక్కిన తంతువునుంచి ఆ పలకకు, మధ్యలో తీగె ఏదీ లేకపోయినా, కరెంటు ప్రవహించినది. పలకకు ధనవిద్యుత్తు ఇచ్చినప్పుడే అట్లా జరిగినది. ఋణవిద్యుత్తు ఇస్తే ఆగిపోయినది. దానికి కారణం ఎడిసన్‌కు తెలియదు. 1897 లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాతనే ఆ చిక్కు విడిపోయినది. బాగా కాగిన నీటినుంచి ఆవిరి లేచినట్లు, కాగిన లోహంనుంచి ఎలక్ట్రాన్లు లేస్తవి. అవి ఋణవిద్యుత్కణాలు గనుక ధనధ్రువంవైపే పరుగెత్తుతవి.

ఎడిసన్ కంపెనీకి లండన్‌లోను, తరువాత మార్కోనీకిను సలహాదారుగా ఉన్న ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904 లో ఈ పాత వింతను కొత్త పనికి వినియోగించినాడు. ఏరియల్‌కు తగిలే రేడియో తరంగం వల్ల పుట్టే కరెంటు సెకండుకు లక్షలసార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. దానిని ఒకే దిశలో పోనిస్తే తప్ప అందులోని ధ్వని బయటపడదు. నీటిని ఒకవైపే పోనిచ్చే కవాటం వంటిది గనుక ఈ సాధనానికి ‘వాల్వు’ అని పేరు వచ్చినది. ఇదే పనికి గెలీనా అనే సీసపు ఖనిజాన్ని వాడవచ్చునని మన జగదీశ్ చంద్ర బోసు అంతకుముందే చూపినాడు. ఆయన 1901 లో పెట్టుకున్న దరఖాస్తుమీద అమెరికాలో 1904 మార్చిలో పేటెంటు వచ్చినది. స్ఫటికం ముందు పుట్టి, వాల్వుకు చోటిచ్చి, మళ్ళీ ట్రాన్సిస్టరు రూపంలో తిరిగి వచ్చినదని చెప్పవచ్చును.

ఫ్లెమింగ్ వాల్వు కరెంటును సరిచేస్తుందే గాని పెంచదు. 1906 లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ తంతువుకూ పలకకూ మధ్య మూడవ అంగాన్ని, సన్నని తీగెతో చేసిన జాలకాన్ని, అమర్చినాడు. దీనినే గ్రిడ్డు అంటాము. చెరువు తూముకు ఉన్న తలుపును ఊహించండి. తలుపును అంగుళం కదిలించడానికి కొద్ది బలం చాలు; కాని ఆ అంగుళంవల్ల కాలువలో పారే నీరు ఎంతో మారుతుంది. గ్రిడ్డుమీద ఒక వోల్టు మార్పు పలకవద్ద పదుల వోల్టుల మార్పుగా కనిపిస్తుంది. బలహీనమైన సంకేతాన్ని బలపరచడం ఇట్లా సాధ్యమైనది. వాల్వులోని గాలిని పూర్తిగా తీసివేస్తే అది ఇంకా నమ్మకంగా పనిచేస్తుందని ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ప్రభృతులు తరువాత నిరూపించినారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. తరువాతి వాల్వులలో ఎలక్ట్రాన్లను వెలువరించేది తంతువు కాదు. దాని చుట్టూ ఉన్న సన్నని గొట్టం. దానికి బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. లోపలి తంతువు ఆ గొట్టాన్ని సుమారు 750 సెంటిగ్రేడు డిగ్రీలకు వేడి చేసేదాక ఎలక్ట్రాన్లు చాలినన్ని లేవవు. ఆ వేడి ఎక్కడానికి పట్టే కాలమే మనం ఎదురుచూచిన అర నిమిషం. ట్రాన్సిస్టరుకు ఈ వేడి అక్కరలేదు గనుక అది మర తిప్పగానే పలుకుతుంది.

వందల గొంతులలో ఒక గొంతు

ఏరియల్ మీదికి ఒకేసారి ఎన్నో స్టేషన్ల తరంగాలు వస్తవి. అందులో ఒక్కదానిని ఏరుకోవడం ఎట్లా? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918 లో, ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన ఉపాయమే దాదాపు అన్ని వాల్వు రేడియోలలోను ఉన్నది. దాని పేరు సూపర్ హెటిరోడైన్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం దశాబ్దాల తరబడి 738 కిలోహెర్ట్జులలో ప్రసారం చేసినది. తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. మనం డయలుమీద ముల్లును అక్కడికి తెచ్చినప్పుడు రేడియోలోని ఒక వాల్వు తనంతట తాను 1193 కిలోహెర్ట్జుల కంపనాన్ని పుట్టిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు వాటి భేదం, అనగా 455 కిలోహెర్ట్జులు, పుడుతుంది. ముల్లును 1000 కిలోహెర్ట్జులకు జరిపితే లోపలి కంపనం 1455 అవుతుంది. భేదం మళ్ళీ 455. స్టేషను ఏదైనా సరే భేదం మారదు. అందువల్ల తరువాతి వాల్వులు అన్ని పౌనఃపున్యాలకూ అక్కరలేదు. ఒక్క 455 ను బాగా బలపరచగలిగితే చాలు. ఏ ఊరినుంచి వచ్చిన బియ్యాన్నైనా ఒకే కుంచంతో కొలిచే అంగడివానివలె రేడియో ప్రతి స్టేషనునూ ఒకే కొలతలోకి మార్చుకుంటుంది.

హైదరాబాదుకు గొంతు వచ్చిన రోజులు

మన దేశంలో ప్రసారాలు ఔత్సాహికులతో మొదలైనవి. 1924 లో సి. వి. కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు మద్రాసులో రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు నడిపినారు. డబ్బు చాలక 1927 లో ఆపివేసినారు. అదే సంవత్సరం జులైలో బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వెలసినది. 1936 లో ఆలిండియా రేడియో అనే పేరు స్థిరపడినది. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం తెరిచిన తరువాత తెలుగు మాట గాలిలోకి క్రమంగా రావడం మొదలైనది.

నిజాం సంస్థానానిది వేరే కథ. 1930 దశకపు ఆరంభంలో మహబూబ్ అలీ అనే వ్యక్తి 200 వాట్ల చిన్న ప్రసారిణితో హైదరాబాదులో రేడియోను ప్రారంభించినాడు. దానిని 1935 లో నిజాం ప్రభుత్వం చేపట్టినది. ఇదే దక్కన్ రేడియో. కార్యక్రమాలు ముఖ్యంగా ఉర్దూలో ఉన్నా, తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు కూడ చోటు దొరికినది. 1939 లో సరూర్‌నగర్ వద్ద 5 కిలోవాట్ల ప్రసారిణి వచ్చినది. శక్తి 25 రెట్లు పెరిగితే ధ్వని 25 రెట్లు దూరం పోదు. ఒకే దూరంలో తరంగపు బలం శక్తి యొక్క వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అనగా 5 రెట్లు. అయినా నగరపు పొలిమేర దాటి పల్లెలలోని శ్రోతలకు అది గొప్ప మార్పు. ఉపాధ్యాయులు వర్గమూలం పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కను వాడుకోవచ్చును.

1948 సెప్టెంబరు 17 న కాల్పుల విరమణను ప్రకటిస్తూ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో మాట్లాడినాడు. ఒక సంస్థానం భవిష్యత్తు మారిన సంగతి చాలమందికి పత్రికలో అచ్చు కావడానికి ముందే ఇటువంటి పెట్టెల గుడ్డ తెరలనుంచి వినిపించినది. 1950 ఏప్రిల్ 1 న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయినది.

ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లు వాడకు ఒకటి. మిద్దెమీద రెండు గడల మధ్య కట్టిన రాగి ఏరియల్ చూచి ఆ ఇంటిని గుర్తుపట్టేవారు. రేడియో ఉంచుకోవడానికి తపాలా కార్యాలయంలో ఏటేటా రుసుము కట్టి లైసెన్సు తీసుకొనవలసి ఉండేది. ఆ పద్ధతి 1980 దశకంలో పోయినది. వార్తలకు ఢిల్లీ, పాటలకు సిలోన్, 1957 అక్టోబరు తరువాత వివిధభారతి. ఏది పెట్టినా శ్రోతలు ఇంటివారు మాత్రమే కారు, ఇరుగుపొరుగువారు కూడ.

పెట్టెను చదవడం

జుమ్మెరాత్ బజార్‌లో గురువారంనాడు పాత సామానుల మధ్య ఒక రేడియో కనిపించినదనుకుందాం. వెనుక అట్ట ఊడిపోయినది, తయారీ చీటీ లేదు. ఎప్పటిదో తెలుసుకోవడం ఎట్లా? పురాతత్వ శాస్త్రజ్ఞుడు కుండపెంకును చూచినట్లు చూడవలెను.

మొదటి సాక్షి డయలు గాజు. దానిమీద ఊళ్ళ పేర్లు ఉంటవి. దేశవిభజన నాటికి ఆలిండియా రేడియోకు తొమ్మిది కేంద్రాలు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో మనకు మిగిలినవి. లాహోరు, పెషావరు, ఢాకా పాకిస్తానుకు పోయినవి. ఈ తొమ్మిదీ కలిసి కనిపించే డయలు విభజనకు ముందటి కాలపు వాసన గలది. విజయవాడ అని ఉన్నదా? ఆ కేంద్రం 1948 డిసెంబరు 1 న ప్రారంభమైనది గనుక గాజు అంతకు ముందుది కాజాలదు. పౌనఃపున్యాన్ని ‘కిలోసైకిళ్ళు’ అని రాసినారా, ‘కిలోహెర్ట్జులు’ అని రాసినారా చూడండి. హెర్ట్జు అనే ప్రమాణాన్ని 1960 లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఆమోదించినది. అంగళ్ళకు వ్యాపించడానికి మరికొన్నేళ్ళు పట్టినది.

రెండవ సాక్షి వాల్వుల అడుగు. ఎనిమిది లావుపాటి పిన్నులు, నడుమ ఒక కీలకం ఉన్న వాల్వు 1935 తరువాతి పద్ధతి. తొమ్మిది సన్నని పిన్నులు నేరుగా గాజులోనుంచే వచ్చినవి 1950 దశకపు రేడియోలలో విస్తారంగా కనిపిస్తవి.

మూడవ సాక్షి వాల్వు పేరు. ఐరోపా పద్ధతిలో పేరే ఒక చిన్న వాక్యం. ‘ఇ.సి.హెచ్.81’ అనేదాన్ని తీసుకోండి. ‘ఇ’ అంటే తంతువుకు 6.3 వోల్టులు కావలెనని అర్థం. ‘సి’ అంటే మూడు అంగాల వాల్వు. ‘హెచ్’ అంటే సంకేతాలను కలిపే అనేక గ్రిడ్డుల వాల్వు. రెండూ ఒకే బుడ్డిలో ఉన్నవన్నమాట. స్టేషను తరంగాన్ని లోపలి కంపనంతో కలిపేది ఇదే. ‘ఇ.ఎల్.84’ లో ‘ఎల్’ స్పీకరును నడిపే బలమైన వాల్వుకు గుర్తు, ‘ఇ.జెడ్.80’ లో ‘జెడ్’ ఏకాంతర కరెంటును సరిచేసే వాల్వుకు గుర్తు. మొదటి అక్షరం ‘యు’ అయితే జాగ్రత్త పడండి. ఆ వాల్వుల తంతువులన్నీ ఒకదాని వెంట ఒకటిగా గొలుసు కట్టి, సాధారణంగా ట్రాన్స్‌ఫార్మరు లేకుండ, ఇంటి కరెంటుకే తగిలించి ఉంటవి. అటువంటి రేడియోలో ఇనుప చట్రమే ప్రాణాంతకమైన వోల్టేజిలో ఉండవచ్చును.

నాలుగవ సాక్షి గాజు బుడ్డిమీద వెండివలె మెరిసే మచ్చ. వాల్వును మూసిన తరువాత మిగిలిన కొద్దిపాటి వాయువులను పీల్చడానికి లోపల బేరియంను ఆవిరి చేస్తారు. ఆ పూతే ఈ మెరుపు. గాలి చొరబడితే బేరియం ఆక్సైడుగా మారి మచ్చ పాలవలె తెల్లబడుతుంది. మీటరు లేకుండానే ఆ వాల్వు పోయినదని చెప్పవచ్చును.

ఇక ‘మాయకన్ను’. 1935 లో అమెరికాలోని ఆర్.సి.ఎ. కంపెనీ ‘6ఇ5’ అనే పేరుతో అంగడిలోకి తెచ్చిన ఈ వాల్వులో ఎలక్ట్రాన్లు ఒక పూతమీద పడి ఆకుపచ్చని వెలుగు ఇస్తవి. స్టేషను సరిగా దొరికినకొద్దీ అందులోని నీడ సన్నబడుతుంది. వాడినకొద్దీ పూత మసకబారుతుంది. తక్కిన వాల్వులన్నీ బాగున్న రేడియోలో కూడ కన్ను గుడ్డిదై ఉండడం సామాన్యం. సేకరించేవారికి అందుకే ఇది అపురూపం.

ఒక పొరపాటు, ఒక పాఠం

ఈ విద్య నాకు నష్టంతోనే అబ్బినది. మా బంధువుల అటకమీద ముప్ఫై ఏళ్ళుగా పడి ఉన్న రేడియో ఒకటి దొరికినది. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి గదా అనే ధీమాతో ధూళి తుడిచి నేరుగా ప్లగ్గు పెట్టినాను. నిమిషంలోపల గుంయిమనే మోత, ఆ వెంటనే తారు కాలిన వాసన, పొగ. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినది. పాతబస్తీలోని ఒక వృద్ధ మిస్త్రీ దగ్గరికి పట్టుకొని పోతే, ఆయన పెట్టెను వాసన చూచి, నావైపు తిరిగి, “సార్, ముప్ఫయి ఏండ్లు పండుకున్నోణ్ణి ఒక్క దెబ్బ కొట్టి లేపుతరా?” అన్నాడు. ఆయన మాటలో ఉన్న శాస్త్రం నాకు ఆ తరువాత అర్థమైనది.

రేడియోలో ముందుగా చెడేవి వాల్వులు కావు, కండెన్సర్లు. కరెంటు ఒడుదుడుకులను నున్న చేసే పెద్ద కండెన్సరులో అల్యూమినియం రేకుమీద అతి పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి కరెంటు లేకపోతే ఆ పొర క్షీణిస్తుంది. ఒక్కసారి పూర్తి వోల్టేజి పెడితే కండెన్సరు తీగెవలె కరెంటును పోనిస్తుంది; ఆ భారం ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. నేను చేసిన తప్పు అదే. అందుకే మిస్త్రీలు రేడియోకు ముందు ఒక 60 వాట్ల తంతువు దీపాన్ని వరుసలో కలుపుతారు. లోపల ఎక్కడైనా కరెంటు దారి తప్పితే దీపం పూర్తి వెలుగుతో మండుతుంది, రేడియో బ్రతికిపోతుంది. అంతా సరిగా ఉంటే దీపం మొదట వెలిగి తరువాత మసకబారుతుంది. కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఈ ఉపాయం విలువైన మీటరంత మాట చెబుతుంది.

రెండవ దొంగ కాగితపు కండెన్సరు. మైనపు కాగితం తేమను పీల్చి కరెంటును కొద్దికొద్దిగా కారనిస్తుంది. ‘కొద్దిగా గదా’ అనుకోరాదు. లెక్క చూడండి. చివరి వాల్వు గ్రిడ్డుకు సంకేతాన్ని అందించే కండెన్సరుకు ఒకవైపు 200 వోల్టులు ఉన్నవనుకుందాం. చెడిన కండెన్సరు 20 మెగోముల నిరోధంవలె ప్రవర్తిస్తున్నది. గ్రిడ్డునుంచి భూమికి ఉన్న నిరోధం 0.5 మెగోము. అప్పుడు గ్రిడ్డుమీదికి చేరే వోల్టేజి 200 × 0.5 ÷ 20.5, అనగా సుమారు 4.9 వోల్టులు. ఇ.ఎల్.84 వాల్వు గ్రిడ్డు మామూలుగా కాథోడుకంటె సుమారు 7 వోల్టులు ఋణంగా ఉండవలెను. అందులో ఎక్కువ భాగాన్ని ఈ దొంగ వోల్టేజి తినివేస్తుంది. తూము తలుపు తెరిచి ఉంచినట్లు కరెంటు ఎక్కువై పలక ఎర్రగా కాగుతుంది. వాల్వూ, దాని ట్రాన్స్‌ఫార్మరూ రెండూ పోతవి. రేడియో పాడుతూనే ఉంటుంది; లోపల మాత్రం తన్ను తాను కాల్చుకుంటూ ఉంటుంది. కొన్ని రూపాయల కండెన్సరు మార్చక తిరిగి దొరకని ట్రాన్స్‌ఫార్మరు పోగొట్టుకున్నవారు చాలమంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా విధి. వాల్వు రేడియోలో 250 మొదలు 300 వోల్టులదాక ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడ కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది. విద్యార్థులు అనుభవజ్ఞులు ప్రక్కన లేకుండ ఈ పెట్టెలను తెరవరాదు. తెరిచినప్పుడు ఒక చేయి జేబులో ఉంచుకొని పనిచేయడం పాత మిస్త్రీల అలవాటు. కరెంటు గుండెమీదుగా ఒక చేతినుంచి రెండవ చేతికి పోకుండ అది కాపాడుతుంది.

మరమ్మతా? పరిరక్షణా?

రేడియో పలికినంతమాత్రాన పని అయిపోయినట్లేనా? ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఎలుకలు కొరికిన వైర్లు, ఎండిన కండెన్సర్లు, తుప్పు పట్టిన చట్రం అన్నీ తీసి పారవేసి, అందమైన చెక్కపెట్టెలో ఒక కొత్త ఎలక్ట్రానిక్ పలక పెట్టి అమ్మేవారు కలరు. చూడడానికి బాగానే ఉంటుంది. ఫోనులోని పాటలూ పాడుతుంది. కాని అది రేడియో శవానికి తొడిగిన కొత్త బట్ట. దానిని విప్పి చూచినవాడికి 1950 నాటి ఇంజనీరు ఏమి ఆలోచించినాడో ఇక ఎన్నటికీ తెలియదు.

మంచి సేకర్త దారి వేరు. చెడిన కాగితపు కండెన్సరును పారవేయడు. దాని అట్ట గొట్టంలోని మైనాన్ని మెల్లగా వేడిచేసి తీసి, నేటి చిన్న కండెన్సరును లోపల దాచి, మళ్ళీ మూసివేస్తాడు. బయటి ముద్ర అట్లాగే ఉంటుంది. చినిగిన స్పీకరు కాగితాన్ని మార్చకుండ పలుచని కాగితపు ముక్కతో అతుకుతాడు. పెట్టెకు మెరుగు పెట్టవలసివస్తే నేటి ప్లాస్టికు రంగు పూయడు. తొలుత పూసిన లక్క మెరుగునే మళ్ళీ పూస్తాడు. లక్క మన అడవులలోని పురుగునుంచి వచ్చేది. స్పిరిటులో కరుగుతుంది గనుక అవసరమైనప్పుడు మళ్ళీ తీసివేయవచ్చును. తిరిగి మార్చగలిగిన పనినే చేయవలెననడం అన్ని పురావస్తువులకూ వర్తించే సూత్రం. చట్రం లోపల ఏనాటి మిస్త్రీయో పెన్సిలుతో రాసిన తారీఖు ఉంటే దానిని చెరపడు. అది కూడ చరిత్రే గదా!

అన్నిటికీ మించి, ఏ భాగం పాతది, ఏది తాను మార్చినాడు, ఎందుకు మార్చినాడు అన్న వివరాన్ని ఒక కాగితంమీద రాసి పెట్టె లోపల ఉంచుతాడు. ప్రయోగశాలలో విద్యార్థి రాసే రికార్డు వంటిది అది.

అరుదైన రేడియో అంటే ఖరీదైనది అనుకోవడం పొరపాటు. లక్షల సంఖ్యలో అమ్ముడైన నమూనా కూడ, భాగాలేవీ మారకుండ, డయలు చెడకుండ, కొన్ననాటి రసీదుతోను లైసెన్సు పుస్తకంతోను కలిసి దొరికితే అది అరుదే. ఆ కాగితాలను విడదీసి పెట్టెను మాత్రమే కొనేవాడు సగం చరిత్రను అంగట్లోనే వదిలివచ్చినవాడు.

వాల్వులు ఎక్కడివి అనే ప్రశ్న ఉన్నది. మన దేశంలో 1954 లో బెంగుళూరులో స్థాపించబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960 దశకంలో రేడియో వాల్వులు చేసినది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమంగా వాటి చోటును ఆక్రమించినది. నేడు కూడ రష్యా, చైనా, స్లొవాకియా వంటి దేశాలలో వాల్వులు తయారవుతున్నవి. కాని అవి ప్రధానంగా గిటారుల ధ్వనివర్ధకాలకూ సంగీతప్రియుల యంత్రాలకూ కావలసినవి. ఇ.ఎల్.84 కొత్తది దొరుకుతుంది. ఇ.సి.హెచ్.81 కావలెనంటే ఆనాడు చేసి వాడకుండ మిగిలినదానినో, మరణించిన మరొక రేడియోలోనిదానినో వెతకవలసినదే. అందుకే పాతబస్తీ దుకాణాలలో ఎందుకూ కొరగానట్లు కనిపించే పెట్టెలు కూడ పారవేయరు. ఒకటి మరొకదానికి ప్రాణం పోస్తుంది.

స్టేషను లేని రేడియో

ఇంత శ్రమపడి బ్రతికించిన రేడియోకు ఇంకొక ఆపద వచ్చినది. ఇటీవలి సంవత్సరాలలో ఎఫ్.ఎం. వ్యాపించిన కొద్దీ దేశంలోని మధ్యమ తరంగ, హ్రస్వ తరంగ ప్రసారిణులు చాల మూతపడినవి. పాత వాల్వు రేడియోలలో అధికభాగం ఈ రెండు తరంగాలనే వినగలవు. దీనికి తోడు ఎల్.ఇ.డి. దీపాలు, ఫోను చార్జర్లు పుట్టించే గరగర ధ్వని పగటిపూట బలహీనమైన స్టేషన్లను మింగివేస్తున్నది.

అయినా రాత్రి పొద్దుపోయిన తరువాత మిద్దెమీద పొడుగాటి ఏరియల్ కట్టి చూడండి. పగలు మధ్యమ తరంగాలను పీల్చివేసే అయనావరణపు దిగువ పొర సూర్యాస్తమయం తరువాత మాయమవుతుంది. అప్పుడు పైపొర తరంగాలను అద్దంవలె తిప్పి పంపుతుంది. వందల మైళ్ళ దూరపు గొంతులు వచ్చి, పెరిగి, తరిగి, పోతూ ఉంటవి. ఆ పెరగడం తరగడం ఆకాశపు ఊపిరి వంటిది. ఫోనులో అంతర్జాలంద్వారా వచ్చే రేడియోకు ఈ ఆకాశపు గుర్తు ఉండదు. చాల పాత రేడియోల వెనుక గ్రామఫోను తగిలించడానికి రెండు రంధ్రాలు ఉంటవి. స్టేషను దొరకనప్పుడు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రేడియో అయితే, తీగె ఒక్కటి కూడ కోయకుండ వాటిద్వారా పాత పాటల రికార్డును వినిపించవచ్చును.

కాని ప్రసారిణులకంటె త్వరగా మూతపడేది ఇంకొకటి ఉన్నది. అది మిస్త్రీల చేతివిద్య. వాసననుబట్టి ట్రాన్స్‌ఫార్మరు స్థితి చెప్పడం, గ్రిడ్డు చివరను వేలితో తాకి వచ్చే మోతనుబట్టి ఏ అంచెలో లోపం ఉన్నదో పట్టుకోవడం, 455 దగ్గర సూక్ష్మమైన మరలను చెవితో సరిచేయడం పుస్తకాలలో పూర్తిగా దొరికేవి కావు. తండ్రినుంచి కొడుకు, ఉస్తాదునుంచి శాగిర్దు చూచి నేర్చుకున్నవి. ఆ ఉస్తాదులు వృద్ధులైనారు. వారి పిల్లలు వేరే వృత్తులలోకి పోయినారు. అందుకు వారిని తప్పు పట్టలేము. అరుదుగా వచ్చే పనితో ఇల్లు గడవదు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. మీ ఊళ్ళో కూడ ఇటువంటి పాత రేడియో మిస్త్రీ ఒకరు ఉండే ఉంటారు. ఆయనను ఒకనాడు బడికి పిలవండి. ఆయన చెప్పేదాన్ని విద్యార్థులచేత రాయించండి. ఆయన వాడే మాటలతోనే రాయించండి. ఆయన తెచ్చిన పెట్టె డయలుమీద ఊళ్ళ పేర్లు చదివించి, అది ఎప్పటిదో వాళ్ళనే తేల్చమనండి. ఒక్క పిరియడులో భౌతికశాస్త్రం, చరిత్ర, భూగోళం మూడూ వస్తవి. చివరికి పెద్దవారి పర్యవేక్షణలో, దీపం వరుసలో కలిపి, మర తిప్పించండి. వెంటనే ఏమీ వినిపించదు. పిల్లలు ఒకరి మొగం ఒకరు చూచుకుంటారు. ఆ అర నిమిషం తొందరపడకుండ ఆగండి. ఎడిసన్ దీపంనుంచి దక్కన్ రేడియోదాక నడిచిన దారిని ఎలక్ట్రాన్లు మళ్ళీ ఒకసారి నడిచి రావలసి ఉన్నది.